పెద్దవాళ్లకు నడుం పట్టేస్తే మంచాన పడకుండా ఎలా చూసుకోవాలి?

మా అవ్వ కోవూరు పొలాల్లో నాట్లేసిన మనిషి. ఒకరోజు నీళ్ల బకెట్ ఎత్తబోయి నడుం పట్టేసిందని, కదలనిస్తే ఎక్కువవుతుందన్న భయంతో మూడు వారాలు మంచం దిగనివ్వలేదు, అన్నం కూడా అక్కడికే. నొప్పి తగ్గింది గానీ కాళ్లలో సత్తువ పోయి, గోడ పట్టుకోకుండా లేవలేకపోయింది. ఆ తప్పు మీరు చేయొద్దనే ఇది రాస్తున్నా.

ముందుగా ఇవి చూడండి: మూత్రం ఆగిపోవడం, తెలియకుండా మలమూత్రాలు పోవడం, కూర్చునే చోట తిమ్మిరి, కాళ్లు పడిపోతున్నట్టుండటం. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. జారిపడ్డాక మొదలైన నొప్పి, జ్వరం, బరువు తగ్గిపోవడం, గతంలో క్యాన్సర్ ఉండటం, వీటికీ డాక్టర్ చూడాల్సిందే. ఇవేవీ లేకపోతే, చాలామంది విషయంలో, అది కదులుతూ ఉంటే సర్దుకునే నొప్పే.

ఇక మంచం మీంచి లేపడం. వెల్లకిలా పడుకున్న మనిషిని చేతులు పట్టి లాగొద్దు. మోకాళ్లు ముడిచి, భుజం, నడుం ఒకేసారి తిరిగేలా పక్కకు ఒత్తిగిలమనండి. కాళ్లు మంచం కిందికి జారవిడుస్తూ, కింది మోచేతినీ పై అరచేతినీ మంచానికి నొక్కితే ఒళ్లు దానంతటదే లేస్తుంది. కూర్చున్నాక అర నిమిషం ఆగాలి, బీపీ మందులు వాడేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. కుక్కి మంచమైతే నవారు బిగించండి, గుంటలోంచి లేవడం కుర్రవాళ్లకే కష్టం.

తర్వాత నడక. పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు, ఓర్చుకునేకొద్దీ పెంచుతూ పోవాలి. కాస్త నొప్పి ఉన్నా పర్వాలేదు. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని లేవడం ఐదుసార్లు, మెల్లగా పదిసార్లు. మా అవ్వ కాళ్లకు మళ్లీ బలం వచ్చింది దీనితోనే. నడుస్తుంటే కాళ్లు లాగి, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గుతుంటే వెన్నులో నరాల దారి ఇరుకై ఉండొచ్చు, డాక్టర్‌కు ఆ మాట చెప్పండి.

నడుం బెల్టు కొనేముందు ఆగండి. ఎంతకీ వదలని నడుం నొప్పికి బెల్టులు మామూలుగా వాడొద్దనే 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది. మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు రోజూ మింగించడం మాత్రం అస్సలొద్దు, ఈ వయసులో కిడ్నీలూ కడుపూ దెబ్బతింటాయి, బీపీ పెరుగుతుంది.

ఇంట్లో పొడుగు కర్ర చీపురు, మరుగుదొడ్డిలో పట్టుకోడానికి గోడకో కడ్డీ, వీలైతే కమోడ్ కుర్చీ పెట్టండి.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు వాళ్లు నీళ్లు కూడా చూసుకోవాలి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకలకు వచ్చే జబ్బు ఫ్లోరోసిస్‌ను మన దేశంలో 1937లో గుర్తించింది, ఈ ఊళ్లున్న అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే వెన్ను బిగుసుకుపోయి వంగనివ్వదు, దాన్ని వయసు నొప్పి అనుకుని వదిలేస్తుంటారు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు. బోరు నీళ్లు ఒకసారి పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.