ఒకే గదిలో షార్ట్ ఫిల్మ్ తీయాలంటే

నల్గొండలో షార్ట్ ఫిల్మ్ తీస్తామని నా దగ్గరికొచ్చే పిల్లలకు ముందుగా అమెరికన్ డైరెక్టర్ సిడ్నీ లుమెట్ గురించి చెప్తాను. ఆయన సీబీఎస్ టీవీలో లైవ్ నాటకాలు డైరెక్ట్ చేసి, 1957లో ‘12 యాంగ్రీ మెన్’తో సినిమాల్లోకి వచ్చాడు. దాదాపు సినిమా అంతా ఒకే గది.

ముందు రిహార్సల్. లుమెట్ షూటింగ్‌కు ముందే రెండు వారాలు చేయించేవాడు. మీరు రెండు ఆదివారాలైనా పెట్టుకోండి. ఎవరెక్కడ నిలబడాలో నేలమీద సుద్దముక్కతో గీయండి.

ఇక అసలు సంగతి కెమెరా. ఆ సినిమాలో మొదట కెమెరా కళ్లకంటే ఎత్తులో, వైడ్ లెన్స్‌తో, అంటే ఎక్కువ జాగా చూపే లెన్స్‌తో ఉంటుంది. తర్వాత కంటి ఎత్తుకు, ఆ తర్వాత ఇంకా కిందికి దిగుతుంది. లెన్స్ కూడా పొడుగు లెన్స్‌గా, అంటే తక్కువ జాగాను దగ్గరగా చూపేదిగా మారుతూ పోతుంది. గోడలు దగ్గరికొస్తాయి, పైకప్పు కనిపించి ఊపిరాడదు. ఫోన్‌తోనూ ఇది సాధ్యమే. మొదటి సీన్లు స్టూలెక్కి వన్ ఎక్స్‌లో, అంటే జూమ్ లేకుండా తీయండి. గొడవ ముదిరాక వెనక్కి జరిగి, కింద కూర్చొని టూ ఎక్స్‌లో తీయండి. మన రేకుల ఇళ్లకు ఇది భలే కుదురుతుంది, రేకు ఫ్రేములో పడితేనే ఉక్కపోత తెలుస్తుంది.

షాట్ నడుస్తుండగా జూమ్ లాగొద్దు. ఫ్యాన్ ఆపండి, లేకపోతే దాని చప్పుడు రికార్డవుతుంది.

బయటికొచ్చే చివరి షాట్ అన్నిటికంటే వైడ్‌గా ఉండాలి, లుమెట్ అలాగే తీశాడు. మనకు పానగల్ ఉదయసముద్రం చెరువు కట్ట ఉండనే ఉంది.