అన్నం మానక్కర్లేదు, నూనె డబ్బా మీద తేదీ రాయండి

బరువు తగ్గాలనుకోగానే మనవాళ్లు ముందు చేసే పని అన్నం మానేయడం. నేనూ అదే చేశాను. ఇరవై రోజులు పళ్లూ జ్యూసులతో గడిపితే నాలుగు కిలోలు తగ్గాను, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు, ఇరవై ఒకటో రోజు కొత్తావకాయ జాడీ తీశారు, అంతే. రెండు నెలల్లో నాలుగు కిలోలూ తిరిగొచ్చి, పైన ఇంకో కిలోన్నర చేరింది. మొదటి వారంలో గబగబా తగ్గేది ఎక్కువగా ఒంట్లో నీరేనని అప్పుడు తెలిస్తే అంత సంబరపడేవాణ్ణి కాదు.

వారానికి అర కిలో, మహా అయితే కిలో. అంతకంటే తొందరపడితే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది, జుట్టు రాలుతుంది, గాల్ బ్లాడర్‌లో రాళ్లు వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా తిండి తగ్గించొద్దు, మందు అంతే ఉండి తిండి తగ్గితే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇప్పుడు ఈ పని పెట్టుకోకండి.

ఇక వంటింట్లోకి రండి. కొత్త నూనె డబ్బా తెరిచిన రోజున మార్కర్‌తో దాని మీద తేదీ రాయండి. మా ఇంట్లో నలుగురం, 5 లీటర్ల డబ్బా సరిగ్గా నెలకి అయిపోయింది. లెక్క వేస్తే మనిషికి రోజుకి 40 మిల్లీలీటర్ల పైనే, అంటే సుమారు 340 కేలరీలు కేవలం నూనె నుంచే. వేరుశనగ నూనె అయినా గానుగ నూనె అయినా కేలరీల్లో తేడా లేదు, ఎంత ఖరీదు పెట్టి కొన్నా అంతే. ఇప్పుడు నెలకి 3 లీటర్లు విడిగా తీసిపెట్టుకుంటున్నాం. దొండకాయ, బెండకాయ వేపుళ్లు వారానికి రెండు రోజులే, మిగతా రోజుల్లో కూర మూతపెట్టి మగ్గించడమో పప్పులో వేయడమో. మొదట్లో మా ఆవిడ గొణిగింది, ఇప్పుడు డబ్బా తేదీ తనే చూస్తోంది.

అసలు చిక్కు మన భోజనం వరుసలో ఉంది. పచ్చడికో ముద్ద, పప్పుకో ముద్ద, కూరకి, పులుసుకి, చివర పెరుగుకి... ఒక్కోదానికీ మళ్లీ కాస్త అన్నం! గుంటూరు గోంగూర ఉన్న రోజైతే ఇక చెప్పక్కర్లేదు, కారానికి ఇంకో గరిటె. నేను తినే అన్నం ఒకరోజు తూస్తే పూటకి 550 గ్రాములు వచ్చింది. వండిన అన్నం నూరు గ్రాములకి దాదాపు 130 కేలరీలు, మీరే లెక్కేసుకోండి. అందుకని ఇప్పుడు ఒక్కసారే 250 గ్రాములు పెట్టుకుని, దాన్నే కంచంలో భాగాలు చేసుకుంటాను. అది అయిపోయాక ఇంకా ఆకలేస్తే పప్పు, కూర ఉత్తివే తింటా. పప్పు గట్టిగా ఉండాలి, నీళ్లచారులా ఉంటే కడుపు నిండదు. గుడ్లు తినేవాళ్లకి ఇంకా సులువు, ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది.

సాయంత్రం ఐదింటికి పునుగుల బండి దాటి రావడం విజయవాడలో ఎవరికైనా కష్టమే. ఆకలి మీద బండి ముందు నిలబడొద్దు. నేను ఆఫీసుకి ఉడికించిన శనగలు పట్టుకెళ్తా, తాలింపు వేయించుకుంటే గుగ్గిళ్లు. అయినా ఆదివారం ఒక ప్లేటు పునుగులు తింటాను, దాచేదేముంది.

నడక వారానికి 150 నిమిషాలు, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. మే నెలలో మన ఎండ సంగతి తెలుసుగా, ఆరింటిలోపే బీఆర్‌టీఎస్ రోడ్డు మీద ఉండాలి, గుంటూరు వాళ్లకైతే బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం ఉంది. దానికి తోడు వారానికి రెండు రోజులు కుర్చీలో కూర్చుని లేవడాలు, గోడకి చేతులు ఆనించి పుషప్‌లు. కండ నిలవాలంటే ఇవి చేయాల్సిందే.

బరువు రోజూ చూసుకోకండి, ఉత్త టెన్షన్. ముందురోజు ఊరగాయ తింటే మర్నాడు ముల్లు అర కిలో పైకి పోతుంది, అది ఉప్పు పట్టి ఉంచిన నీరు. వారానికోసారి, ఒకే రోజు, పొద్దున్నే పరగడుపున చూడండి. టేపుతో నడుము కూడా కొలవండి, మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్త పడాలి.

నాకు పధ్నాలుగు నెలల్లో 11 కిలోలు తగ్గాయి, మధ్యలో రెండు నెలలు ముల్లు కదల్లేదు కూడా. మా అమ్మ మాత్రం ఇప్పటికీ "ఏరా, చిక్కి సగమయ్యావు, ఇంకో ముద్ద పెట్టనా" అంటూ గరిటె పట్టుకునే ఉంటుంది. కంచం మీద చెయ్యి అడ్డం పెడితే ఆవిడకి కోపం. "పప్పు వెయ్యమ్మా" అంటే మాత్రం సంతోషంగా రెండు గరిటెలు వేస్తుంది.