సొంతంగా సైకిల్ బిగించుకుందాం – 4వ పాఠం: గేర్ల లెక్క

గత పాఠంలో చక్రం చుట్టుకొలత కొలవమన్నాం. టైరుకు మామూలుగా పెట్టే గాలి పెట్టి, వాల్వు నేలవైపు వచ్చినచోట గీత గీసి, సీటు మీద మనిషి కూర్చుని ఉండగా చక్రం ఒక్క చుట్టు తిరిగాక మళ్ళీ గీత గీస్తే, ఆ రెండు గీతల మధ్య దూరమే చుట్టుకొలత. 700×32 టైరుకు 2.155 మీటర్ల దగ్గర రావాలి. ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయినా పర్వాలేదు. అంతకు మించి తేడా ఉంటే గాలి సరిచూసుకుని మళ్ళీ కొలవండి. ఈ పాఠమంతా ఆ అంకె మీదే నడుస్తుంది.

మనం బిగిస్తున్నది దూరప్రయాణపు సైకిల్. హైదరాబాద్ నుంచి శ్రీశైలం, విశాఖ నుంచి అరకు పోవాలి, బీఆర్‌ఎం రైడ్లు (గడువులోగా ముగించాల్సిన దూరప్రయాణపు సైకిల్ రైడ్లు) పూర్తి చేయాలి. 200 కిలోమీటర్ల బీఆర్‌ఎంకు గడువు 13 గంటల 30 నిమిషాలు. అంటే ఆగిన సమయం కలుపుకుని గంటకు 15 కిలోమీటర్లు కూడా అక్కర్లేదు. అయినా గేర్లు ఎంచుకునేటప్పుడు చాలామంది చూపు పెద్ద చైన్‌రింగ్ (పెడల్ దగ్గరి ముందు పళ్ళ చక్రం) మీదికే పోతుంది. ఎంత వేగం వస్తుందనేది ఆఖరున చూడాల్సిన లెక్క. ముందు తేలాల్సింది అన్నిటికంటే తేలిక గేరు. అది తేలితే క్యాసెట్ (వెనక పళ్ళ చక్రాల గుత్తి), డీరైలర్ (చైన్‌ను ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదానికి జరిపేది), షిఫ్టర్ (హ్యాండిల్ దగ్గర గేరు మార్చే మీట) ఏవి కొనాలో దాదాపు తేలిపోయినట్టే.

ఘాట్ ఎక్కే గేరు

మనిషి, సైకిల్, నీళ్ళు, సంచి అన్నీ కలిపి 85 కిలోలు అనుకుందాం. 8 శాతం ఎత్తు అంటే 100 మీటర్లు ముందుకు పోతే 8 మీటర్లు పైకి ఎక్కడం. 85 × 9.81 × 0.08 వేస్తే బరువు వెనక్కి లాగే బలం దాదాపు 67 న్యూటన్లు. టైరు రాపిడికి 5, గాలికి 1 కలిపితే 73. గంటలకొద్దీ తొక్కగల మామూలు ఆరోగ్యవంతుడికి 150 వాట్లు వేసుకుందాం. చైన్‌లో కొంత పోగా చక్రానికి చేరేది సుమారు 144. 144ని 73తో భాగిస్తే సెకనుకు 1.97 మీటర్లు, అంటే గంటకు 7 కిలోమీటర్లు. మనసు ఎంత కోరినా ఆ ఎత్తులో ఆ శక్తికి వచ్చే వేగం ఇంతే.

ఇప్పుడు గేరు. ఒక పెడల్ చుట్టుకు సైకిల్ పోయే దూరం = ముందు పళ్ళు ÷ వెనక పళ్ళు × చుట్టుకొలత.

రోడ్ సైకిళ్ళలో తరచూ కనిపించే 50/34 క్రాంక్ (ముందు 50, 34 పళ్ళ రెండు చైన్‌రింగులు), 11-28 క్యాసెట్ (వెనక 11 నుంచి 28 పళ్ళ దాకా) తీసుకోండి. తేలిక గేరు 34/28, ఒక చుట్టుకు 2.62 మీటర్లు. గంటకు 7 కిలోమీటర్లంటే నిమిషానికి 117 మీటర్లు, కాబట్టి పెడల్ నిమిషానికి 45 చుట్లు తిరుగుతుంది. అంత నెమ్మదిగా తిరిగితే ప్రతి తొక్కుకూ మోకాలి మీద భారం పెరుగుతుంది. అరగంట ఘాట్‌లో అది తెలియకపోవచ్చు, 150 కిలోమీటర్ల తర్వాత వచ్చే ఘాట్‌లో తప్పక తెలుస్తుంది. అదే క్రాంక్‌కు 11-34 క్యాసెట్ వేస్తే 34/34, అంటే 2.155 మీటర్లు, 54 చుట్లు. మెరుగే గానీ చాలదు. 46/30 క్రాంక్‌తో 30/34 వేస్తే 1.90 మీటర్లు, 61 చుట్లు. కూర్చునే తొక్కుకుంటూ ఎక్కడానికి నిమిషానికి 60 తగ్గకూడదన్నది మా నియమం. అందుకే ఈ బిగింపుకు 46/30 క్రాంక్, 11-34 క్యాసెట్.

మరి వేగం తగ్గదా? 46/11కు ఒక చుట్టు 9.01 మీటర్లు. నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకు 48.7 కిలోమీటర్లు. 50/11తో వచ్చేది 52.9. ఆ నాలుగు కిలోమీటర్ల తేడా వాలులో తప్ప అక్కరకు రాదు, వాలులో తొక్కకపోయినా సైకిల్ పోతుంది. చదును రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్లు, నిమిషానికి 80 చుట్లు అనుకుంటే కావలసింది 5.21 మీటర్లు. అది సరిగ్గా 46/19. ఆ 19 పళ్ళ చక్రం 11 పళ్ళ చక్రం నుంచి ఐదోది, క్యాసెట్‌కు దాదాపు నడిమధ్య. ఎక్కువసేపు తొక్కే గేరులో చైన్ తిన్నగా నడిస్తే అరుగుదలా తక్కువే, చప్పుడూ తక్కువే.

ముందు ఒకే చైన్‌రింగ్ చాలదా అని అడిగేవారున్నారు. 40 చైన్‌రింగ్, 11-42 క్యాసెట్‌తో తేలిక గేరు 2.05 మీటర్లు. మన 1.90 కంటే తొక్కడానికి బరువు. పైగా 28, 32, 37, 42 అంటూ పెద్ద పెద్ద అంగలు. మట్టిదారులకు బాగుంటుంది, దూరప్రయాణానికి మాత్రం రెండు చైన్‌రింగులే మా ఎంపిక.

వెనక డీరైలర్

రెండు అంకెలు చూడాలి: మోయగల అతిపెద్ద పళ్ళ చక్రం, చైన్ వదులును లాగిపట్టే సామర్థ్యం. సామర్థ్యం లెక్క (46−30) + (34−11) = 39. షిమానో కంపెనీ రోడ్ వరస 105 ఆర్7000లో పొట్టి కేజ్ (చైన్‌ను లాగిపట్టే కింది చేయి) డీరైలర్‌కు పెద్ద పళ్ళ చక్రం 30, సామర్థ్యం 35. అది పనికిరాదు. పొడుగు కేజ్‌కు 34, 39. సరిగ్గా అంచున సరిపోతుంది. షిమానోదే మట్టిదారుల వరస జీఆర్‌ఎక్స్ ఆర్‌ఎక్స్810కు 34, 40. మనం తీసుకునేది ఇదే.

పొట్టి కేజ్‌తో సర్దుకుందామంటే ఏమవుతుంది? ముందు చిన్నది, వెనక చిన్నది జోడీలో చైన్ వేలాడుతుంది. అది చూసి చైన్ పొట్టి చేస్తే, మరచిపోయి ముందు పెద్దది, వెనక పెద్దది జోడీకి మార్చిన రోజున చైన్ బిగుసుకుని హ్యాంగర్‌ను (ఫ్రేముకు డీరైలర్ తగిలించే కొక్కెం) వంచుతుంది, లేదా విరుస్తుంది.

జీఆర్‌ఎక్స్ క్రాంక్ కొంటే ముందు డీరైలర్ కూడా జీఆర్‌ఎక్స్‌దే ఉండాలి. ఆ క్రాంక్ చైన్‌రింగులు రోడ్ క్రాంక్ కంటే 2.5 మి.మీ. బయటికి ఉంటాయి. రోడ్ డీరైలర్ అంత దూరం సరిగా అందుకోదు.

షిఫ్టర్

స్పీడుల సంఖ్య (వెనక పళ్ళ చక్రాల సంఖ్య) కలిస్తే చాలనుకోవద్దు, కేబుల్ లాగే దూరం కూడా కలవాలి. షిమానో 10 స్పీడ్ మౌంటెన్ డీరైలర్‌కు 10 స్పీడ్ రోడ్ షిఫ్టర్ పెడితే ఒక పళ్ళ చక్రం దగ్గర సరిచేస్తారు, రెండు పళ్ళ చక్రాలు దాటేసరికి మళ్ళీ తప్పుతుంది. అడ్జస్టర్ (కేబుల్ బిగువు సరిచేసే మర) ఎంత తిప్పినా అది కుదరదు. షిమానో రోడ్ వరసల్లో మరొకటైన టియాగ్రా 4700 పది స్పీడే అయినా కేబుల్ లెక్కలో 11 స్పీడ్ రోడ్ వరసలోది. పాత 4600 అలా కాదు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు మోడల్ నంబరు చదవకుండా డబ్బు ఇవ్వకండి. మన ఆర్‌ఎక్స్810కు 11 స్పీడ్ 105 షిఫ్టర్లు నిక్షేపంగా పనిచేస్తాయి.

క్యాసెట్ బిగింపు, చైన్ పొడవు

షిమానో హెచ్‌జీ700 11-34 క్యాసెట్ 10 స్పీడ్ ఫ్రీహబ్ (వెనక చక్రంలో క్యాసెట్ ఎక్కే భాగం) కొలతకు చేసినది. 11 స్పీడ్ రోడ్ ఫ్రీహబ్ 1.85 మి.మీ. ఎక్కువ పొడవు. కాబట్టి ముందు పెట్టెలో వచ్చే 1.85 మి.మీ. స్పేసర్ ఫ్రీహబ్ మీదికి ఎక్కించి, తర్వాత క్యాసెట్ ఎక్కించాలి. క్యాసెట్‌ను పట్టి ఉంచే లాక్‌రింగ్‌ను 40 న్యూటన్-మీటర్లకు బిగించండి. బిగించాక పెద్ద పళ్ళ చక్రం అంచు పట్టుకుని పక్కకు ఊపండి. లాక్‌రింగ్ బిగుసుకున్నా పళ్ళ చక్రాలు టకటకమంటే స్పేసర్ మరిచారన్నమాట.

చైన్‌ను డీరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందు 46, వెనక 34 మీద చుట్టి, చివరలు కలిసే చోటు నుంచి ఒక అంగుళం, అంటే ఒక లోపలి లింకు, ఒక బయటి లింకు, ఎక్కువ ఉంచి కోయాలి. చైన్‌స్టే (పెడల్ ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా ఉండే గొట్టం) 430 మి.మీ. ఉన్న ఫ్రేముకు లెక్కలో 110 లింకులు వస్తాయి. క్విక్ లింక్ (చైన్ చివరలు కలిపే, విప్పదగిన లింకు) వాడితే అదే ఒక బయటి లింకు, అందుకని చైన్‌లో 109 ఉంచి రెండు చివర్లా లోపలి లింకులే ఉండేలా చూడండి. కోసే ముందు రెండోసారి లెక్కపెట్టండి. పొడవైన చైన్‌ను తర్వాతైనా తగ్గించవచ్చు.

అభ్యాసం

48/32 క్రాంక్, 11-32 క్యాసెట్, మీరు కొలిచిన చుట్టుకొలతతో మూడు లెక్కలు చేయండి: తేలిక గేరు దూరం, గంటకు 7 కిలోమీటర్ల దగ్గర పెడల్ చుట్లు, డీరైలర్‌కు కావలసిన సామర్థ్యం. 2.155 మీటర్లు వేసుకుంటే జవాబులు 2.155, 54, 37. మీ బరువు, మీ సామాను వేసి ఘాట్ వేగం కూడా మళ్ళీ కట్టండి. 5వ పాఠంలో బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ తిరిగే ఇరుసు), క్రాంక్ పొడవు చూద్దాం. దానికి మీ ఫ్రేములో ఆ ఇరుసు కూర్చునే గొట్టం, అంటే షెల్ వెడల్పు మి.మీ.లలో కొలిచి పెట్టుకోండి.