ఇంజను కింద ఆయిల్ మరక: పాత అంబాసిడర్‌కు గ్యాస్కెట్లు, సీళ్లు వేసే పద్ధతి

మా నాన్నగారు నడిపిన అంబాసిడర్ మార్క్ 2 ఇప్పటికీ విశాఖ చినవాల్తేరులో మా ఇంటి వాకిట్లోనే ఉంది. 1972 నాటి బండి. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో తీరిక లేక, ఆయిల్ కారుతోందని ఒక షెడ్డులో ఇచ్చాను. వారం తిరగకుండానే కారడం ఆగింది, సంతోషించాను. కొన్ని నెలలకు ఆయిల్ ప్రెషర్ పడిపోసాగింది. ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే సంప్ విప్పి చూస్తే, ఆయిల్ పీల్చే జాలీకి ఎర్రటి సిలికాన్ ముక్కలు అతుక్కుని ఉన్నాయి. అతుకుల్లో దట్టంగా నింపిన పేస్టు లోపలికి పొంగి, గట్టిపడి, తెగి, అక్కడికి చేరింది. ఇంకొన్నాళ్లు అలాగే నడిపి ఉంటే బేరింగులు పోయేవి. పోర్టు వర్క్‌షాపులో 32 ఏళ్లు ఫిట్టరుగా చేసినవాణ్ని. పదవీ విరమణ తర్వాత ఆ ఇంజను మొత్తం నా చేతులతోనే విప్పి మళ్లీ కట్టాను. అతుకును మూసేది పేస్టు కాదు, చదునుగా, శుభ్రంగా ఉన్న లోహపు ముఖం. మీ బండికీ ఇదే వర్తిస్తుంది.

పానా పట్టేముందు కడగండి. ఆయిల్ కారే చోటు ఒకటి, బొట్టు కనిపించే చోటు మరొకటి. ఇంజను నెత్తిన రేకు మూత, అంటే రాకర్ కవర్ దగ్గర ఊరిన ఆయిల్ బ్లాకు వెంట జారి, ఫ్యాను గాలికి వెనక్కి పోయి, ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్యనున్న బెల్ హౌసింగ్ కింద బొట్టు కడుతుంది. దాన్ని చూసి అనవసరంగా గేర్‌బాక్సు దింపినవాళ్లు ఉన్నారు. కిరోసిన్, కుంచెతో జిడ్డంతా వదిలించి, ఆరాక అనుమానమున్న చోట టాల్కం పౌడరు అద్దండి. పావుగంట ఇంజను నడిపి, ఆపి, టార్చి వేసి చూడండి. పౌడరు అన్నిటికంటే పైన ఎక్కడ తడిసిందో అక్కడే మీ పని. బ్రీదర్ గొట్టం మూసుకుపోయిందేమో కూడా ఇప్పుడే చూసుకోండి. లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి లేకపోతే అతుకుల మధ్య వేసిన కొత్త గ్యాస్కెట్ల నుంచి కూడా ఆయిల్‌ను తోసేస్తుంది.

1489 సీసీ అంబాసిడర్ ఇంజను మూలం బ్రిటన్‌లోని బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బీ-సిరీస్. దీనిలో ఎక్కువమంది పొరపాటు చేసేది ట్యాపెట్ కవర్ల దగ్గర. బ్లాకు పక్కన, గాలి, పొగ గొట్టాల (మానిఫోల్డు) చాటున రెండు రేకు మూతలుంటాయి. ఒక్కోదానికి నడిమధ్య ఒకే బోల్టు. కారుతోందని ఆ బోల్టును బిగించేకొద్దీ మధ్యలో రేకు లోపలికి దిగి, అంచులు పైకి లేస్తాయి. మా మనవరాలు టార్చి పట్టుకుని పక్కనే నిలబడి, "తాతయ్యా, ఇంకొంచెం బిగిస్తే ఆగదా?" అని అడిగింది. కిటికీ అద్దం ముక్క మీద ఆ మూతను బోర్లించి, వెనక నుంచి వెలుగు వేయమన్నాను. రెండు చివర్లా అంచు కింద నుంచి వెలుగు గీతలా వచ్చింది. "ఇంత సందు ఉందా!" అంది. ఆ సందు పోయేదాకా చదునైన కర్ర మీద పెట్టి, చిన్న సుత్తితో అంచును నెమ్మదిగా సరిచేయాలి. నాకు ఒక్కో మూతకు గంట పట్టింది. రాకర్ కవర్‌కూ, సంప్ అంచుకూ ఇదే పరీక్ష.

పాత గ్యాస్కెట్ గీకేటప్పుడు ఒక జాగ్రత్త. సిలిండర్ల మీది హెడ్డుకూ బ్లాకుకూ మధ్య వేసే ఆ కాలపు హెడ్ గ్యాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఎండు మీద గీకకండి, డ్రిల్లుకు తీగ బ్రష్షు తగిలించి అసలే రుద్దకండి. తడిపి, మాస్కు పెట్టుకుని, మొండి స్క్రేపర్‌తో తీసి, తడిగానే కవరులో కట్టేయండి. గీకిన ముఖానికి వెంటనే పల్చగా ఆయిల్ రాయండి. సముద్రపు గాలి తగిలే మా ఇంట్లో, రాత్రి రాయడం మరిచిపోతే తెల్లవారేసరికి బ్లాకు ముఖమంతా పసుపు పూసినట్టు తుప్పు పట్టింది. కొత్త గ్యాస్కెట్ వేసేముందు ఆ ఆయిల్‌ను థిన్నర్‌తో తుడవాలి.

హెడ్డు విప్పకుండా దానిమీద వాల్వులను నొక్కే రాకర్ షాఫ్టు మాత్రమే తీస్తున్నా, ముందు రేడియేటర్ నీళ్లు దించండి. షాఫ్టు దిమ్మెలను పట్టుకున్న నట్లలో కొన్ని హెడ్డు నట్లే. అవి వదులైతే నీళ్లు ఆయిల్‌లోకి దిగవచ్చు.

కార్క్ గ్యాస్కెట్ చాలాకాలం దుకాణంలో ఉంటే ఎండి కుంచించుకుపోతుంది. రంధ్రాలు కలవకపోతే లాగకండి, విరుగుతుంది. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి తుడిస్తే సాగి సరిపోతుంది. రేకు వైపు మాత్రం పల్చగా షెల్లాక్ (లక్క జిగురు) రాసి అతికించి, ఇంజను వైపు పొడిగా వదిలేస్తాను. మళ్లీ విప్పినప్పుడు చిరగకుండా వస్తుంది. సంప్‌కు పక్క గ్యాస్కెట్లతో పాటు ముందూ వెనకా బేరింగ్ క్యాపుల దగ్గర కార్క్ పట్టీలుంటాయి. వాటి చివరలు కొద్దిగా పైకి నిలిచేలా ఉంచండి, బిగించినప్పుడు నొక్కుకుని మూల పూడుకుంటుంది. పట్టీ, గ్యాస్కెట్ కలిసే ఆ నాలుగు మూలల్లో మాత్రమే కందిగింజంత సిలికాన్ పెడతాను. డ్రెయిన్ ప్లగ్గు రాగి వాషర్‌ను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి, మళ్లీ పనికొస్తుంది.

ఇంజను ముందుండే టైమింగ్ చైను మూత, అంటే టైమింగ్ కవర్ ఆయిల్ సీల్‌కు పాతదాన్ని పట్టుకునే గాజువాక ఆటోనగర్ వెళ్లండి. లోపలి కొలత, బయటి కొలత, మందం మూడూ కలవాలి. పెదవి ఇంజను లోపలి వైపు చూడాలి, దానికి గ్రీజు రాయాలి. పుల్లీ మెడ మీద పాత సీలు కోసిన గాడి ఉంటే గోరుకు తగులుతుంది. పల్చటి గాడి అయితే సన్నని ఎమరీ కాగితంతో నునుపు చేయవచ్చు. కవర్ బోల్టులను వదులుగానే పెట్టి, పుల్లీని సీలులోకి తోసి, తర్వాత బోల్టులు బిగించండి. పుల్లీయే సీలును నడిమధ్యకు తెస్తుంది. ముందే బిగిస్తే సీలు ఒక పక్కకు ఒరిగి, నెల తిరగకముందే కారుతుంది.

పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టు వెనక చివర, బెల్ హౌసింగ్ వైపు, ఈ ఇంజనుకు రబ్బరు సీలు లేదు. షాఫ్టు మీదే మరలాంటి గాడి ఉంటుంది. తిరుగుతున్నంతసేపు అది ఆయిల్‌ను లోపలికి తోస్తుంది, ఆగాక ఒకటి రెండు చుక్కలు జారవచ్చు. పిస్టన్ రింగులు అరిగి లోపలి ఒత్తిడి పెరిగితే ఆ చుక్కలు ఎక్కువవుతాయి.

అంతా కట్టాక సింహాచలం ఘాట్ ఎక్కించి దించాను. ఇంజను పూర్తిగా చల్లారాక కార్క్ ఉన్న నట్లను ఒకసారి చేత్తో చూసి, వదులైనవాటిని మాత్రం కొద్దిగా తిప్పాను. రాత్రి ఇంజను కింద పాత దినపత్రిక పరిచాను. పొద్దున్నే మనవరాలు వంగి చూసి, "ఒక్క రూపాయి బిళ్లంత మరక తాతయ్యా, బెల్ హౌసింగ్ కింద" అని చెప్పింది. సంప్, ట్యాపెట్ కవర్లు, టైమింగ్ కవర్ కింద కాగితం పొడిగా ఉంది. వర్షాలు తగ్గాక రింగులు చూస్తాను.