డ్రయ్యర్ దగ్గర గాలి పోతుంటే ముందు చెవి పెట్టండి

పోయిన మిర్చి సీజన్లో గుంటూరు యార్డులో లోడెత్తిన పన్నెండు టైర్ల బండి ఒకటి రాత్రి పదకొండింటికి విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డు ముందుకొచ్చి ఆగింది. ఎయిర్ డ్రయ్యర్ (బ్రేకులకు వెళ్లే గాలిలో తేమ తీసే డబ్బా) అడుగు నుంచి బుస్సుమని గాలి పోతోంది. గాలి ఒత్తిడి చూపే గేజి ముల్లు 5 బార్ దాటడం లేదు. డ్రైవరు దిగుతూనే, "అన్నా, డ్రయ్యర్ పోయింది, కొత్తది వేసెయ్యి. ఓనరు గారికి కూడా చెప్పేశా" అన్నాడు. కాజా టోల్ దాటినప్పటి నుంచి గాలి తక్కువైందని చెప్పే బజర్ మోగుతూనే ఉందట. బజర్ మోగాక ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు తమ్ముడూ అని గట్టిగా మందలించాను. విప్పి చూస్తే పర్జ్ వాల్వ్ (డ్రయ్యర్ అడుగున నీళ్లు, జిడ్డు బయటికి కొట్టే వాల్వ్) కూర్చునే చోట మినపగింజంత మసి పెళ్ళ ఇరుక్కుని ఉంది. అది తీసి, రబ్బర్లు మార్చి, గంటన్నరలో పంపించాం. డ్రయ్యర్ మార్చాల్సిన పనే లేకపోయింది.

నేను ఎయిర్ బ్రేకుల పని 22 ఏళ్లుగా చేస్తున్నాను. డ్రయ్యర్ లీకు కేసుల్లో ఎక్కువ డబ్బు దండగయ్యేది చూడకుండా మార్చడం వల్లే. గాలి ఎప్పుడు పోతోందో వింటే ఏ భాగం పాడైందో చాలావరకు తెలిసిపోతుంది.

కంప్రెసర్ నుంచి వచ్చే గాలి వేడిగా, తేమతో, కాస్త ఆయిల్ జిడ్డుతో వస్తుంది. డ్రయ్యర్ డబ్బాలోని తెల్ల గుళికలు ఆ తేమను పీల్చుకుంటాయి. బండిని బట్టి 8 నుంచి 10 బార్ నిండగానే అడుగున పర్జ్ వాల్వ్ తెరుచుకుని నీళ్లు, జిడ్డు ఒక్కసారిగా తుస్సుమని బయటికి కొడుతుంది. ఆ వెంటనే కొంత పొడి గాలి గుళికల గుండా వెనక్కి వచ్చి వాటిని ఆరబెడుతుంది. అందుకే తుస్సుమన్నాక అర నిమిషం దాకా సన్నగా గాలి పోతే కంగారు పడొద్దు, అది దాని పని. ఆ చప్పుడు విని బాగున్న డ్రయ్యర్‌ను విప్పించుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

ఇంజిన్ ఆన్‌లో ఉండి ముల్లు ఇంకా పైకెక్కుతుండగానే అడుగు నుంచి గాలి పోతుంటే పర్జ్ వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. మసో, తుప్పో, అరిగిన రబ్బరో కారణం. గవర్నర్ (గాలి నిండగానే పర్జ్ వాల్వ్‌ను తెరిపించే భాగం) లోపల లీకై వాల్వ్‌ను ముందే తెరుస్తున్నా ఇలాగే ఉంటుంది. అలా కాకుండా గాలి పూర్తిగా నిండి, తుస్సుమన్నాక కూడా ఆగకుండా పోతూ, ముల్లు దిగుతూ, మళ్ళీ నిండి, మళ్ళీ తుస్సుమంటూ ఉంటే చెక్ వాల్వ్‌ను (గాలిని ట్యాంకుల వైపే పోనిచ్చి వెనక్కి రానివ్వని వాల్వ్) అనుమానించాలి. ట్యాంకుల్లో గాలి దాని గుండా వెనక్కి కారిపోతోంది. ముల్లు దిగుతున్నా అడుగున చప్పుడు లేకపోతే సబ్బు నీళ్లు తీసుకుని పైపులు, జాయింట్లు, బ్రేక్ చాంబర్లు అన్నీ చూడండి. డబ్బా, బాడీ కలిసే చోట బుడగలొస్తే మధ్యలో ఉండే రబ్బరు రింగు, అదే గ్యాస్కెట్, మారిస్తే చాలు.

విప్పే ముందు బండి చదునైన చోట ఉండాలి, చక్రాలకు ముందూ వెనకా చెక్కలు వేయాలి. హ్యాండ్ బ్రేక్ ఉందిగా అని చెక్కలు మానొద్దు. ఇంజిన్ ఆపి, అన్ని ట్యాంకుల డ్రెయిన్లు లాగి ముల్లు సున్నాకి తేవాలి. ఈలోగా ముఖం డ్రయ్యర్ కింద పెట్టొద్దు. కంప్రెసర్ పైపు చాలాసేపు కాలుతూనే ఉంటుంది, చెయ్యి తగలనివ్వొద్దు.

పర్జ్ వాల్వ్‌ను చాలా మోడళ్లలో సర్క్లిప్ (గాడిలో కూర్చునే స్టీలు రింగు క్లిప్) పట్టి ఉంచుతుంది. వెనక స్ప్రింగ్ ఉంటుంది కాబట్టి మూతను అరచేత్తో నొక్కిపట్టి క్లిప్ తీయండి. ఏది ఏ వరసలో వచ్చిందో ఫోన్లో ఫోటో తీసుకుని, శుభ్రమైన గుడ్డ మీద అదే వరసలో పేర్చండి. ఇప్పుడు రబ్బరు అంచును టార్చి వెలుగులో చూడండి. లోతుగా గుండ్రటి గాడి పడి ఉంటే దాని పని అయిపోయినట్టే. ఓరింగును (గాలి పోకుండా ఆపే గుండ్రటి రబ్బరు రింగు) వేళ్ల మధ్య నలపండి: మెత్తగా సాగాలి, గట్టిగా బిర్రబిగిసి ఉంటే మార్చాలి. వాల్వ్ కూర్చునే చోట మసిని నానబెట్టి గుడ్డతో తుడవాలి. అక్కడ స్క్రూడ్రైవరు, ఎమరీ పేపరు పెడితే గీత పడుతుంది. ఆ గీతలోంచి కొత్త రబ్బరు వేసినా గాలి పోతుంది. రబ్బర్లను పెట్రోలు, డీజిల్‌లో ముంచితే ఉబ్బుతాయి. కొత్త రబ్బర్ల కిట్టుతో వచ్చే గ్రీజు పల్చగా రాయండి. అది లేకపోతే సిలికాన్ గ్రీజు వాడండి, బేరింగు గ్రీజు వద్దు.

గుళికల డబ్బా మార్చేటప్పుడు కూర్చునే చోటు తుడిచి, గ్యాస్కెట్‌కు కాస్త నూనె రాసి, చేత్తో తిప్పండి. గ్యాస్కెట్ తగిలాక మామూలుగా ఇంకో అర చుట్టు చాలు. పానా వేసి బలమంతా చూపిస్తే గ్యాస్కెట్ నలిగి మళ్ళీ లీకవుతుంది.

మసి, జిడ్డు ఎక్కడి నుంచి వచ్చాయో చూడకపోతే ఇంత పనీ కొన్ని నెలలకే వృథా అవుతుంది. పర్జ్ రంధ్రం దగ్గర నల్లటి జిడ్డు కారుతుంటే కంప్రెసర్ రింగులు అరిగి ఆయిల్ పంపుతున్నాయేమో చూడాలి. కంప్రెసర్ నుంచి డ్రయ్యర్‌కు వచ్చే పైపు విప్పి లోపల మసి పేరుకుందేమో కూడా చూడండి. ట్యాంకు డ్రెయిన్లో తెల్ల పొడి వస్తే గుళికలు పగిలాయి. ఆ పొడి బ్రేక్ వాల్వుల్లోకి పోకముందే డబ్బా మార్చాలి. చలి దేశాల్లో వాల్వ్ దగ్గర నీళ్లు గడ్డకడతాయని డ్రయ్యర్లకు హీటరు పెడతారు. కృష్ణ ఒడ్డున మనకు ఆ బాధ లేదు, ఉన్నదల్లా ఉక్కపోత. వానాకాలంలో నా దగ్గరికొచ్చే బండ్ల ట్యాంకుల్లోంచి గ్లాసుల కొద్దీ నీళ్లు తీశాను.

ఒక సంగతి బతిమాలి చెబుతున్నాను. దారిలో లీకైతే కొందరు పర్జ్ రంధ్రంలో గుడ్డ కుక్కి, బోల్టు కొట్టి నడుపుతారు. నిండిన గాలికి బయటికి దారి ఉండదు. ఒత్తిడి హద్దు దాటి పైపులు, కంప్రెసర్ మీద పడుతుంది, తేమంతా బ్రేకుల్లోకి పోతుంది. వెనక పాతిక టన్నుల లోడు పెట్టుకుని చేసే పని కాదు. పక్కకు ఆపి మెకానిక్‌ను పిలిపించుకోండి.

బిగించాక ఇంజిన్ వేసి గాలి పూర్తిగా నిండనివ్వండి. తుస్సుమని ఒకసారి కొట్టి, సన్నటి చప్పుడు ఆగిపోవాలి. విప్పిన ప్రతి చోటా సబ్బు నీళ్లు రాయండి. ఇంజిన్ ఆపి, ముల్లు దిగుతోందేమో పది నిమిషాలు కన్నేయండి. తర్వాత బ్రేక్ నాలుగైదుసార్లు తొక్కి, మళ్ళీ గాలి నింపి, పర్జ్ ఇంకోసారి వినండి. చెక్కలు అప్పుడు తీయండి.