ఫొటోసిస్టమ్-2ను తెర మీద చదవడం – 4వ పాఠం: మాంగనీస్ గుంపు

ఫొటోసిస్టమ్-2 అంటే కిరణజన్య సంయోగక్రియలో వెలుతురుతో నీటిని చీల్చే ప్రోటీన్ల సముదాయం. పోయిన పాఠం చివర దాని నిర్మాణం ఉన్న 3డబ్ల్యుయు2 (3WU2) ఫైల్లో ఒక మోనోమర్‌ను (జంటలో ఒక సగాన్ని) మాత్రమే ఉంచి, అందులోని పత్రహరిత అణువులు లెక్కపెట్టమన్నాం. 35 వస్తే ముందుకు సాగండి. 70 వచ్చిందంటే డైమర్ (రెండు సగాల జంట) మొత్తం ఇంకా తెర మీదే ఉంది. ఈ ఫైల్లో ఒక మోనోమర్ చైన్లకు (ప్రోటీన్ గొలుసులకు) ఇంగ్లిషు పెద్ద అక్షరాలు, రెండోదానికి చిన్న అక్షరాలు పెట్టారు. పెద్ద 'ఏ', చిన్న 'ఏ' వేర్వేరు చైన్లు.

ముందు దిక్కులు సరిచూసుకోవాలి. పొర దాటి ఒక పక్కకు ఉబ్బెత్తుగా పొడుచుకొచ్చిన ప్రోటీన్లు (పీఎస్‌బీ-ఓ, యు, వి) ఉన్న వైపు ల్యూమెన్, అంటే థైలకాయిడ్ అనే పొర సంచి లోపలి భాగం. దాన్ని కిందికి తిప్పుకోండి. నీటిని చీల్చే గుంపు ఆ వైపునే ఉంటుంది. పై వైపు, అంటే స్ట్రోమా (ఆ సంచి బయటి ద్రవం) వైపు, ఒంటరిగా ఒక ఇనుము పరమాణువు, దానికి రెండు పక్కలా ఎలక్ట్రాన్లను అందుకునే రెండు ప్లాస్టోక్వినోన్లు కనిపించాలి. అవి కింద కనిపిస్తే మీ బొమ్మ తలకిందులుగా ఉన్నట్టే.

ఇప్పుడు 'ఓఈఎక్స్' (OEX) అన్న పేరుతో వెతకండి, ఫైల్లో ఈ గుంపు పేరు అదే. నాలుగు మాంగనీస్, ఒక కాల్షియం, ఐదు ఆక్సిజన్లు వస్తాయి. మూడు మాంగనీస్‌లు, కాల్షియం, నాలుగు ఆక్సిజన్లు కలిసి వంకరపోయిన ఘనం. నాలుగో మాంగనీస్ ఆ ఘనం బయట వేలాడుతుంది. ఆ నాలుగోదానికి రెండు, కాల్షియానికి రెండు నీటి అణువులు అంటి ఉంటాయి. నీళ్లన్నీ దాచేసి ఉంటే ఈ నాలుగింటినీ వెనక్కి రప్పించండి.

ఎక్కువమంది తడబడేది లైగాండ్ల (లోహాలను పట్టుకునే భాగాల) దగ్గర. గుంపును పట్టుకున్న అమైనో ఆమ్లాలు ఏడు. డీ1 ప్రోటీన్ (చైన్ ఏ) నుంచి ఆస్పార్టేట్ 170, గ్లుటమేట్ 189, హిస్టిడిన్ 332, గ్లుటమేట్ 333, ఆస్పార్టేట్ 342, అలనిన్ 344. ఏడోది సీపీ43 అనే ఇంకో ప్రోటీన్ (చైన్ సి)లోని గ్లుటమేట్ 354. బొమ్మ చిందరవందరగా ఉందని సీపీ43ను దాచేస్తే రెండో, మూడో మాంగనీస్‌ల మధ్య ఒక వైపు ఖాళీ కనిపిస్తుంది. అది నిర్మాణంలోని లోపం కాదు, మీరు దాచిన చైనే.

అలనిన్ సంగతి ఇంకా తమాషా. దాని సైడ్ చైన్ (పక్క కొమ్మ) ఒట్టి మిథైల్, లోహాన్ని పట్టుకోలేదు. పట్టుకునేది డీ1 కొసన ఉన్న కార్బాక్సిలేట్, అంటే మెయిన్ చైన్ (ప్రోటీన్ వెన్నెముక). 'సైడ్ చైన్లు మాత్రమే' అన్న ఎంపిక పెట్టారా, అది మాయమవుతుంది. ఈ ఒక్కదానికి మెయిన్ చైన్ కూడా చూపించండి.

సాఫ్ట్‌వేర్ గీసే గీతలనూ గుడ్డిగా నమ్మకండి. అది దూరం చూసి బంధాన్ని ఊహిస్తుంది. 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ మీటరులో వెయ్యి కోట్లవ వంతు) దూరంలో ఉన్న రెండు మాంగనీస్‌ల మధ్య గీత గీస్తే చెరిపేయండి, వాటిని కలిపేది ఆక్సిజన్ వంతెనలే. మామూలు మాంగనీస్–ఆక్సిజన్ దూరం 1.8 నుంచి 2.2 దాకా ఉంటుంది. కానీ ఐదో ఆక్సిజన్ నుంచి ఒకటో, నాలుగో మాంగనీస్‌లకు కొలిస్తే దాదాపు 2.5–2.6 వస్తాయి. కొలత తప్పనుకుని మళ్లీ మళ్లీ నొక్కక్కర్లేదు. ఈ ఆక్సిజన్ అంత వదులుగా ఉండటమే విశేషం. ఆక్సిజన్ అణువు ఏర్పడేటప్పుడు ఇదే పాలుపంచుకుంటుందని చాలామంది భావించడానికి ఇదొక కారణం.

అయితే రెండో దశాంశ స్థానం మీద వాదించకండి. 2011లో వచ్చిన ఈ నిర్మాణం రిజల్యూషన్ (ఎంత చిన్న వివరం స్పష్టంగా కనిపిస్తుందో ఆ కొలత) 1.9 ఆంగ్‌స్ట్రామ్‌లు. పైగా దీన్ని తీయడానికి వాడిన సింక్రోట్రాన్ (భారీ ఎక్స్‌రే యంత్రం) ఎక్స్‌రేలు మాంగనీస్‌ను క్షయకరణం చేస్తాయి, అంటే దానికి ఎలక్ట్రాన్లు చేరుస్తాయి. ఎలక్ట్రాన్ అందగానే లోహాల మధ్య దూరాలు కాస్త సాగుతాయి. 2015లో జపాన్‌లోని సాక్లా అనే ఎక్స్‌రే లేజర్‌తో, 10 ఫెమ్టోసెకన్ల పల్స్‌లతో, దెబ్బ తగిలేలోపే బొమ్మ తీశారు. అందులో మాంగనీస్–మాంగనీస్ దూరాలు 0.1–0.2 తగ్గాయి.

వచ్చే పాఠానికి ముందు ఆ లేజర్ నిర్మాణం, 4యుబి6 (4UB6), తెరవండి. మాంగనీస్ 1–2, 2–3, 3–4, 1–3 జతలను రెండు ఫైళ్లలోనూ కొలిచి పక్కపక్కన రాసుకోండి. రెంటిలోనూ ఒకే మోనోమర్‌ను తీసుకోండి. తర్వాత డీ1లోని టైరోసిన్ 161 చివరి ఆక్సిజన్ నుంచి హిస్టిడిన్ 190 నైట్రోజన్‌కు దూరం చూడండి. సుమారు 2.5 వస్తే సరైన నైట్రోజన్‌నే పట్టుకున్నారు. 4 దాటితే హిస్టిడిన్‌లోని ఇమిడజోల్ వలయంలో రెండో నైట్రోజన్‌ను నొక్కారన్నమాట.