దస్తావేజులు టైపు చేస్తూనే ఎల్ఎల్‌బీ

కావలిలో ఒక డాక్యుమెంట్ రైటర్ గారి దగ్గర టైపింగ్ చేస్తూ నెల్లూరులో మూడేళ్ల ఎల్ఎల్‌బీ చదువుతున్నాను. ఇప్పుడు చివరి ఏడాది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తమ్మ, రొయ్యల గుంటల మీద పనికి పోయే మా ఆయన. రిజిస్ట్రేషన్‌కి వచ్చే ఆడవాళ్లు "మేమూ చదవొచ్చా?" అని అడుగుతుంటారు. తప్పకుండా చదవొచ్చు. అయితే పుస్తకాలు, ఫీజుల కన్నా ముందు తేల్చుకోవాల్సింది హాజరు.

లాయర్ల చదువునీ వృత్తినీ చూసే బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. లా పగటి కాలేజీ చదువు. దూరవిద్యలో చేసిన ఎల్ఎల్‌బీతో అడ్వకేటుగా ఎన్‌రోల్ కాలేరు, అంటే పేరు నమోదు చేయించుకోలేరు. "కాలేజీకి రాకపోయినా మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఉద్యోగం ఉంటే ఆ సంగతి కాలేజీకి రాసిచ్చి, పనిచేసే చోటు నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తెచ్చుకోవాలి.

అందుకే లా సీటుకి రాసే ప్రవేశ పరీక్ష లాసెట్‌కి అప్లై చేయకముందే మా రైటర్ గారితో మాట్లాడుకున్నాను. నెల జీతం వద్దు, దస్తావేజుకి ఇంత అని ఇవ్వండి, సాయంత్రం వచ్చి మర్నాటివి టైపు చేసి పెడతాను అన్నాను. రాబడి తగ్గింది, నిజమే. కానీ పగలు నా చేతికొచ్చింది. మీ పని ఏదైనా సరే, గంటల లెక్కన కాక పని లెక్కన డబ్బులు వచ్చేలా మార్చుకోగలరేమో ముందు చూడండి.

ఏపీ లాసెట్ గురించి టెన్షన్ పడకండి. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. అందులో సగం, అంటే 60 మార్కులు, లా చదవడానికి కావలసిన అవగాహన మీదే. రాజ్యాంగం బాగా చదివితే అక్కడే గట్టెక్కవచ్చు. మూడేళ్ల కోర్సుకి డిగ్రీలో జనరల్ వాళ్లకు 45 శాతం ఉండాలి. ఈ చుట్టుపక్కల నెల్లూరులో వి.ఆర్. లా కాలేజీ, ఒంగోలులో ఇందిరా ప్రియదర్శిని లా కాలేజీ ఉన్నాయి. పేరు కన్నా రైలు టైము చూసి ఎంచుకోండి. మూడేళ్లు తిరగాల్సింది మీరు.

చదువుకి నేను వాడేది బేర్ యాక్ట్, అంటే వివరణలేవీ లేకుండా చట్టం ఉన్నదున్నట్టు అచ్చేసిన పుస్తకం. గైడ్లు తరవాత. రైల్లో ఒక సెక్షన్ చదువుతాను, పుస్తకం మూసి దాన్ని తెలుగులో నాకు నేనే చెప్పుకుంటాను, సాయంత్రం పనిలో దాన్ని వెతుకుతాను. గిఫ్టు డీడుకి ఇద్దరు సాక్షుల సంతకాలు ఎందుకు అడుగుతామో ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ చదివాక తెలిసింది. గుంటల లీజు ఏడాదికి మించితే రిజిస్టర్ చేయించాలని అదే చట్టం 107వ సెక్షన్ చెబుతుంది. మా తీరంలో పదకొండు నెలల అగ్రిమెంట్లు అన్నేసి ఎందుకు రాయించుకుంటారో అప్పుడు బోధపడింది. మీరు బ్యాంకులో ఉన్నా, అంగన్‌వాడీలో ఉన్నా మీ పనిని పట్టుకున్న చట్టం ఒకటి ఉంటుంది. అక్కడ మొదలుపెట్టండి, మిగతావి తేలికవుతాయి. సెకండ్ హ్యాండ్ పుస్తకాలు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. 2024 జులై 1 నుంచి నేరాలకు శిక్షలు చెప్పే పాత చట్టం ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ ఇప్పుడు 302 కాదు, 103.

మా పనికి పంచాంగమే టైంటేబుల్. ఆషాఢంలో, మూఢాల్లో రిజిస్ట్రేషన్లు పలచబడతాయి. రికార్డులు, అసైన్‌మెంట్లు అప్పుడే పూర్తిచేస్తాను. శ్రావణంలో ఊపిరాడదు, అప్పుడు కొత్త పాఠం ఏదీ పెట్టుకోను. మీ పనికీ ఇలాంటి మందకొడి నెలలు ఉంటాయి, ముందే గుర్తుపెట్టుకోండి.

ఇంట్లో "కొంచెం సాయం చేయండి" అంటే ఎవరూ చేయరు. ఫలానా పని నీది అని చెప్పాలి. పొద్దున పిల్లల క్యారేజీలు మా ఆయనవి. సాయంత్రం హోంవర్కు దగ్గర కూర్చునేది అత్తమ్మ. ఆమెకు చదువు రాదు, అయినా "నోట్లో చదవబాకండి, గట్టిగా చదవండి" అని వాళ్లను లేవనివ్వదు. పరీక్షల వారంలో పెళ్లిళ్లకు నేను పోను. చుట్టాలు ఒక ఏడాది అలిగారు, తరవాత అలవాటు పడ్డారు.

ఇంటర్న్‌షిప్ మూడేళ్లలో కనీసం 12 వారాలు ఉండాలి. ఒక్కసారిగా కుదరదు కాబట్టి ఏటా కొంత చేయండి. చివరి ఏడాది ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణ చూసి రికార్డు రాయాలి. వాయిదాలు మన సెలవుల్ని బట్టి పడవు కాబట్టి ముందుగానే సీనియర్ అడ్వకేట్ ఒకర్ని కలిసి డైరీలో తేదీలు రాసుకోండి.

డిగ్రీ వచ్చాక బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ కావాలి. 2024 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఆ ఫీజు జనరల్ వాళ్లకు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. తరవాత ఆల్ ఇండియా బార్ పరీక్ష పాసవ్వాలి. పూర్తికాలం జీతానికి పనిచేస్తూ ప్రాక్టీసు చేయడానికి వీల్లేదు. కొత్తగా కోర్టుకు పోయేవాళ్లకు వెంటనే ఫీజులు రావు గనుక, ఇంటి ఖర్చుకి ఇప్పటి నుంచే పోస్టాఫీసులో ఆర్‌డీ కడుతున్నాను.